జవం చీటీ

నిఘంటువు ఆఫీసులో తనంత చురుకైనవాడు ఇంతవరకు పుట్టలేదనీ, ఇకపైనా పుట్టడం కష్టమేననీ రాకెట్ ప్రగాఢ నమ్మకం. ఆ పేరు కూడా తనే పెట్టుకున్నాడు. ఒక్క పదం దగ్గరే పదకొండు రోజులుగా చతికిలబడ్డ సంగతి మాత్రం ఎత్తేవాడు కాదు.

ఆ పదం జవం. వేగానికి పాతకాలపు పేరు.

అక్కడ చీటీలు వాటి అర్థాలకు తగ్గట్టే మసులుకునేవి. వాన చీటీ కింద గిన్నె పెట్టాలి. కునుకు చీటీ చేతికిస్తే గుమస్తాగారు బల్లమీద వాలిపోయేవారు. కదలిక లేని చీటీని చచ్చిన పదాల పెట్టెలో వేసి, పుస్తకంలోంచి తీసేయడం రివాజు. జవం కదలడం లేదని రాకెట్టే రాసిచ్చాడు.

పెద్దసారు దిగులుపడ్డారు. "పరుగుని చెప్పే చిన్న సంస్కృత ధాతువులోంచి పుట్టిందిరా అది. గుర్రాలకీ గాలికీ వాడేవాళ్లు. ఇప్పుడు ఒంటరిగా గడప దాటదు. సత్త్వం చెయ్యి పట్టుకునే వస్తుంది, అదీ ముసలాళ్లలో జవసత్త్వాలు ఉడిగాయనడానికి."

మూడున్నరకి ఫోన్ మోగింది. బావ. అక్కకి కానుపు కష్టమైంది, రక్తం ఆగడం లేదు. ఆమె గ్రూపు అరుదు. ఆసుపత్రిలో ఉన్నది అయిపోవచ్చింది, ఇంట్లో రాకెట్ ఒక్కడిదే ఆ గ్రూపు.

"అరగంటే అంటున్నారురా," అన్నాడు బావ.

ఆసుపత్రి ఊరికి ఆ చివర. కిటికీలోంచి చూస్తే వంతెనమీద బస్సులు నిన్నటినుంచీ అక్కడే కాపురమున్నట్టున్నాయి. రాకెట్ బల్లమీది ఫ్లాస్కు పక్కకి నెట్టి, ఏం చేస్తున్నాడో తెలియకుండానే ఆ చీటీని గుప్పిట్లో బిగించాడు.

మెట్లు ఎప్పుడు దిగాడో గుర్తులేదు. చీటీ ముందు, చెయ్యి వెనక, మిగతా ఒళ్లు ఆ వెనక. బస్సుల సందుల్లోంచి దూసుకుపోతుంటే చెప్పులు ఊడాయి. పోలీసు వాటిని తీసి పిలిచేలోగా వంతెన అయిపోయింది. నాలుగు నిమిషాల్లో చేతికి సూది గుచ్చారు. అద్దాల తలుపు అవతల అక్క పాదాలు కనిపిస్తున్నాయి. కదలడం లేదు. వాటినే చూస్తూ ఇవ్వాల్సిందంతా ఇచ్చాడు.

చీకటిపడే వేళకి అక్క కళ్లు తెరిచి, "చెప్పులేవిరా?" అంది. ఉయ్యాల్లో పాపాయి కేరుమంది.

మర్నాడు ఆఫీసంతా రాకెట్ భుజం తట్టింది. పెద్దసారు కళ్లు తుడుచుకుని అచ్చు ప్రతిలో రాస్తున్నారు: జవం, వేగం. చచ్చినట్టున్నా, మనిషికి ప్రాణావసరమొస్తే తనంతట తానే లేస్తుంది.

ఆ ప్రతి కోసం ప్రెస్సు మనిషి చెయ్యి చాపాడు. రాకెట్ ఆ వాక్యాన్ని మళ్లీ చదివాడు. నోరు మూసుకుంటే తను వీరుడు. కానీ ఆ ముక్క వందేళ్లు పుస్తకంలో ఉండిపోతుంది.

"సార్, అది రాయకండి."

"ఏం?"

"అది చావలేదండీ. మీరు నా చేతికిచ్చిన రోజే బల్లంతా పరుగులు పెట్టింది. పట్టుకోలేకపోయాను. అందుకని దానిమీద ఫ్లాస్కు పెట్టాను."

పెద్దసారు ఫ్లాస్కుకేసి చూశారు. "పదకొండు రోజులా?"

"నిండా టీ ఉండేదండీ."