ఆగస్టు పరీక్ష

కేన్ రిడ్జ్ కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో ముందు వరస కుర్రాళ్ళకి వెర్లన్ టేటమ్ కోచ్. ఎదుటివాళ్ళ దాడిని మొదటి అడుగులోనే ఆపాల్సిన వరస అది. మూడు వందల పౌండ్లకు తగ్గని మనుషులు నేలకు చెయ్యి ఆనించి, వంగి, బంతి కదలగానే ఎదుటివాడి హెల్మెట్‌ను తమ హెల్మెట్‌తో గుద్దుతారు. వెర్లన్ కూడా ఒకప్పుడు ఏళ్ళ తరబడి అలా గుద్దినవాడే. మోకాళ్ళు మొరాయించాక, గుద్దడం మానేసి గుద్దడం ఎలాగో నేర్పడం మొదలుపెట్టాడు. ఈ ఉద్యోగంలో హెడ్ కోచ్ ఊడితే కింది వాళ్ళందరూ ఊడతారు. అందుకని లూసియానా నుంచి అర్కెన్సా, అక్కణ్ణుంచి మిసిసిపి, మళ్ళీ లూసియానా అంటూ మూటాముల్లె సర్దుతూనే ఉన్నాడు. భార్య లొరేన్ కర్టెన్లు కొనడం ఎప్పుడో మానేసింది. ఏ ఇంటి కిటికీ కొలతా ఇంకో ఇంటికి సరిపోదు.

ఈమధ్య అతను కుర్రాళ్ళని ఎప్పటెప్పటి పాత జట్లవాళ్ళ పేర్లతోనో పిలుస్తున్నాడు. వాళ్ళకి అదో వేడుక. "నిన్న నేను లమాంట్‌నిరా, ఇవాళ డూప్రీ అయ్యాను" అని ఒకరినొకరు ఏడిపించుకునేవారు. లొరేన్‌కి మాత్రం నవ్వు రాలేదు.

"పొయ్యి మీద గిన్నె పెట్టి వెళ్ళి వరండాలో కూర్చున్నావు. ఇల్లంతా పొగ. డాక్టర్ దగ్గరకి ఎప్పుడెళ్తావయ్యా?"

"సీజన్ అయ్యాక."

"ఏ సీజనో కూడా చెప్పు. నీ సీజన్లకి అంతెక్కడ?"

జట్టులో ప్రతి ఆగస్టులోనూ బుర్ర ఎలా పనిచేస్తోందో చూసే పరీక్ష ఒకటి పెడతారు. కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, బొమ్మలూ మాటలూ చూపించి, ఎన్ని గుర్తున్నాయో, ఎంత చురుగ్గా మీట నొక్కారో లెక్క కడతారు. తర్వాత ఎవరి తలకైనా దెబ్బ తగిలితే మళ్ళీ అదే పరీక్ష. ఆగస్టు మార్కులకి తగ్గితే ఆట బంద్. ముందు వరస వాళ్ళు దీనికో విరుగుడు కనిపెట్టారు. ఆగస్టులోనే కావాలని తప్పులు చేసేస్తే, తర్వాత దెబ్బ తగిలినా మార్కులు తగ్గినట్టు కనపడవు. వెర్లన్ ఏ ఊళ్ళో పని చేసినా ఈ విద్య కూడా వెంట తీసుకెళ్ళాడు.

"ఆ గదిలో తెలివి ఒలకబొయ్యకండ్రా" అన్నాడు ఈసారి కూడా. "రోజూ నా దగ్గర ఎలా ఉంటారో అలాగే ఉండండి, నిద్రమొహాల్లా. చాలు."

కుర్రాళ్ళు పడీపడీ నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వినవాడు వరస మధ్యలో నిలబడే జార్వెల్ పికెన్స్.

జార్వెల్‌ని ఈ కాలేజీకి తెచ్చింది వెర్లనే. వాడి అమ్మమ్మ మిస్ యూలా ఇంట్లో కూర్చుని, ఆవిడ వండిన పోర్క్ చాప్స్, కొలార్డ్ ఆకుకూర, మొక్కజొన్న రొట్టె మారు అడిగి మరీ తిని, మాటిచ్చి తెచ్చుకున్నాడు.

"నా మనవడి తలలో గుజ్జుంది నాయనా" అందావిడ. "ఎలా పంపిస్తున్నానో అలాగే నాకు తెచ్చివ్వాలి."

"నాదీ పూచీ అమ్మా" అన్నాడు వెర్లన్.

నవంబరు వచ్చింది. చివరి ఆట గెలిస్తే హెడ్ కోచ్ ఉంటాడు, వెర్లన్ ఉంటాడు. ఓడితే మళ్ళీ మూటాముల్లె. అంతకు ముందు ఆటలో జార్వెల్‌కి తల మీద దెబ్బ తగిలింది. లేవడానికి కాస్త ఆలస్యమైంది. ఆటగాళ్ళ దెబ్బలూ గాయాలూ చూసే నడీన్ బూద్రో బుధవారం వాడికి మళ్ళీ పరీక్ష పెట్టింది. ఆగస్టు మార్కులకి ఒక్కటి కూడా తగ్గలేదు. తలనొప్పీ లేదు, ఏమీ లేదు అన్నాడు వాడు. ఆడవచ్చు అంది ఆవిడ.

గురువారం ప్రాక్టీసు అయ్యాక జార్వెల్ వచ్చి బెంచీ మీద వెర్లన్ పక్కన కూలబడ్డాడు.

"కోచ్, శనివారం బస్సు ఎన్నింటికి?"

"బస్సేంట్రా? ఆట మన మైదానంలోనే."

"అవును కదా" అని వాడు ఒక బూటు లేసు విప్పుకున్నాడు. రెండోది విప్పబోతూ తలెత్తాడు. "కోచ్, బస్సు ఎన్నింటికన్నారు?"

వెర్లన్ నవ్వబోయి ఆగిపోయాడు. వాడు హాస్యమాడటం లేదు. తప్పు అడిగానని ఎదుటివాడి కళ్ళల్లో చూసి తెలుసుకుని, గబుక్కున సర్దుకుని నవ్వాడు. ఆ నవ్వు వెర్లన్‌కి తెలుసు. లొరేన్ ముందు తను రోజూ నవ్వేది అదే.

బుధవారం మార్కులు సరిపోయాయంటే, ఆగస్టు మార్కులు దొంగవి కాబట్టి. దొంగవని నడీన్‌కి తెలియదు. చెప్తే జార్వెల్ ఆడడు, ఆట పోతుంది, ఇలాంటివి నేర్పాడని తెలిశాక ఏ కాలేజీ తనని గడప తొక్కనివ్వదు. ఒక్క ఆటే కదా అని కూడా అనుకున్నాడు, దాచేదేముంది. అనుకుని, మిస్ యూలా వంటింట్లో మారు వడ్డించుకున్న రొట్టె గుర్తొచ్చి, తన మీద తనకే రోత పుట్టింది. ఏమైతే అదవుతుందని లేచి నడీన్ గది వైపు నడిచాడు.

దారిలో హెడ్ కోచ్ ఆపాడు. ఎదుటి జట్టువాళ్ళు కొత్తవాణ్ణి దింపుతున్నారట, వాడు ఎడమవైపు బలహీనమట. ఇద్దరూ గోడ మీద వేళ్ళతో గీతలు గీసుకుంటూ చాలాసేపు మాట్లాడుకున్నారు.

"రండి కోచ్, ఏం కావాలి?" అంది నడీన్.

వెర్లన్ గది మధ్యలో నిలబడ్డాడు. దేనికో వచ్చాడు. చిన్న పని కాదు, గుండె ఇంకా దడదడలాడుతోంది. మందుల అలమరా వైపు చూశాడు, తన చేతుల వైపు చూసుకున్నాడు. కుంటుకుంటూ వచ్చాడు కాబట్టి మోకాలి కోసమే అయ్యుండాలి.

"ఐసు" అన్నాడు.

ఆవిడ సంచిలో ఐసు నింపి మోకాలికి కట్టింది. "ఇంకేమైనా?"

"ఏం లేదు."

"ఏంటలా ఉన్నావు?" అని ఇంటికి రాగానే అడిగింది లొరేన్.

"ఏదో పని మిగిలిపోయినట్టుంది."

"ఏం పని?"

"తెలిస్తే చేసి రానూ?"

శనివారం స్టేడియం కిక్కిరిసింది. రెండో సగంలో ఎదుటి జట్టు వీళ్ళ గోల్ గీత దాకా తోసుకొచ్చేసింది. కాసేపు ఊపిరి పీల్చుకోవడానికి బయటికి వచ్చిన జార్వెల్ నీళ్ళు తాగి, హెల్మెట్ తగిలించుకుంటూ వెర్లన్ దగ్గర ఆగాడు.

"కోచ్, మన బస్సు ఎక్కడ పెట్టారు?"

అని పరుగెత్తుకుంటూ మైదానంలోకి వెళ్ళిపోయాడు.

అప్పుడు గుర్తొచ్చింది వెర్లన్‌కి. బెంచీ, బూటు లేసు, నడీన్ గది, ఐసు, అన్నీ ఒక్కసారే. వాడు అప్పటికే వంగి చెయ్యి నేలకి ఆనించాడు. వెర్లన్ మైదానం అంచు గీత దాటి, ఊపిరంతా కూడదీసుకుని అరిచాడు.

"డూప్రీ! ఆగరా, డూప్రీ!"

ఆ పేరు గలవాడు ఆ మైదానంలో ఎవరూ లేరు. ఎవరూ వెనక్కి తిరగలేదు. బంతి కదిలింది.

వెర్లన్ కాళ్ళీడ్చుకుంటూ చేరేసరికి నడీన్ మోకాళ్ళ మీద కూర్చుని జార్వెల్ మెడ కదలకుండా పట్టుకుని ఉంది. వాడి కళ్ళు తెరిచే ఉన్నాయి, ఎటూ చూడటం లేదు.

"ఆగస్టులో వాడు కావాలనే తప్పులు చేశాడు" అన్నాడు వెర్లన్. "నేనే చెయ్యమన్నాను. ఆ మార్కులు నమ్మకు."

"వీడు తేడాగా ఉన్నాడని మీకెప్పుడు తెలిసింది?"

"గురువారం."

నడీన్ తలెత్తింది. "గురువారం నా గదికొచ్చారు కదా కోచ్! వచ్చి ఐసు అడిగారు."

"ఇది చెప్పడానికే వచ్చాను."

ఆవిడ ఏదో తిట్టబోయింది. అతని మొహంలోకి చూసి, ఇంకాస్త పరీక్షగా చూసి, తిట్టకుండా ఊరుకుంది. ఆ ఊరుకోవడం అతనికి తిట్టుకన్నా ఎక్కువ తగిలింది.

స్ట్రెచర్ వచ్చింది. అటు మెట్ల మీంచి మిస్ యూలా చేతిసంచి గుండెకి అదుముకుని దిగి వస్తోంది. జనం పక్కకి తప్పుకుని దారి ఇస్తున్నారు.

"ఆవిడతో ఎవరైనా మాట్లాడాలి" అంది నడీన్.

"నేను చెప్తాను" అన్నాడు వెర్లన్. "ఇప్పుడే చెప్పేస్తాను, మళ్ళీ మర్చిపోకముందే."

జార్వెల్, జార్వెల్ అని పెదవుల మీదే అనుకుంటూ ఆవిడ వైపు నడిచాడు.