ఇరవై నాలుగు వోల్టుల బండి మీద నేను

నేను ఒక సెర్చిలైటును. అటూ ఇటూ తిరగడానికి ఒక మోటారు, పైకీ కిందకీ వంగడానికి ఇంకొకటి, దూరం నుంచి నన్ను ఆడించడానికి నాలుగు బాణం గుర్తుల రిమోటు. వేటపడవలకు చీకటి సముద్రంలో దారి చూపాలని నన్ను తయారు చేశారు. తీరా నేను చేరింది రావులపాలెం దగ్గర దంతులూరి నరసింహరాజుగారి జీపు మీదికి.

అది మిలటరీ వేలంలో కొన్న జీపు. పటాలంలో ఉన్నన్నాళ్లూ వంటశాలకు కూరగాయలు మోసింది. రాజుగారు మాత్రం అది సరిహద్దులో తూటాలు తిన్నదని చెప్పేవారు. సాక్ష్యంగా తలుపు మీది తుప్పు చిల్లు చూపించేవారు. పంచాయతీ ఎన్నికలు వస్తున్నాయి కాబట్టి, ఊరేగింపులో వెలుగంతా తన ముఖం మీదే పడాలని నన్ను కొన్నారు.

నన్ను బిగించే పని ఆటో ఎలక్ట్రీషియన్ నాగుల్‌మీరాకు పడింది. అతను బానెట్ ఎత్తి చూసి తల గోక్కున్నాడు.

"రాజుగారండీ, మిలటరీ బండి ఇరవై నాలుగు వోల్టులండి. లైటేమో పన్నెండు. మధ్యలో కన్వర్టరు పెట్టాలండి. రెండ్రోజులు పట్టుద్ది."

పక్కనే రాజుగారి బావమరిది సత్తిరాజు ఉన్నాడు. ఫోనులో వీడియోలు చూసి ఇంజనీరైనవాడు. "రెండు బ్యాటరీలున్నాయి కదయ్యా! ఒకదాన్నుంచి లాగెయ్. రేపే ఊరేగింపు."

"జోడెడ్లలో ఒకదాని చేతే పని చేయించినట్టండి అది. అది కూలబడితే రెండోదీ నడవదు."

వీడియోలో ఎడ్ల సంగతి లేదు కాబట్టి సత్తిరాజు మాటే నెగ్గింది.

మర్నాడు ఊరేగింపు మధ్యలో ఇంజను ఆపి రాజుగారు అరగంట ఉపన్యసించారు. నేను మిణుకుమిణుకుమంటూ ఆరిపోయాను. జీపు కదలలేదు. జనం జేజేలు మాని "ఐలెస్సా" అందుకుని ఆయన్ని ఇంటిదాకా తోశారు. అందరి ముందూ రాజుగారు "నాగుల్‌మీరాకి పని రాదు" అని తీర్పిచ్చారు. సత్తిరాజు తల ఊపాడు.

నాగుల్‌మీరా ముఖం నల్లబడింది. మరుసటి రోజు పొద్దున్నే వచ్చి తీగలన్నీ పీకి మళ్లీ వేశాడు. కన్వర్టరు పెట్టాడు, ఫ్యూజు వేశాడు. రేకులోంచి తీగ వెళ్లేచోట ఒరుసుకోకుండా రబ్బరు బుష్షు తొడిగాడు. "నేను చేసిన పని రోడ్డు మీద ఆగకూడదు" అని మాత్రం గొణుక్కున్నాడు. నాకు తప్ప ఎవరికీ వినపడలేదు.

ఎన్నికల్లో రాజుగారు ఓడారు. ఆ శ్రావణంలో గోదావరి పొంగింది. పొద్దుగూకే వేళ, జోరు వానలో, ఏటి మధ్య లంక నుంచి తొమ్మిదిమందితో వస్తున్న పడవ ఇంజను ఆగిపోయింది. వాళ్లలో నాగుల్‌మీరా చెల్లెలు ఖాజాబీ ఉంది. అతను గట్టు మీదికి పరుగెత్తుకొచ్చేసరికి, గట్టు మీద ఆపిన జీపు నుంచి నేను రాజుగారి ముఖానికి వెలుగు పట్టి ఉన్నాను. ఆయన వరద బాధితులతో "మీకు అండగా నేనున్నాను" అంటున్నారు. సత్తిరాజు ఫోనులో వీడియో తీస్తున్నాడు.

నీళ్ల మీద నుంచి కేకలు వినిపించాయి. నాగుల్‌మీరా రాజుగారి చేతిలోని రిమోటు లాక్కున్నాడు.

"ఒరేయ్!" అన్నారు రాజుగారు.

అతను బాణం గుర్తు నొక్కాడు. నన్ను ఏటివైపు తిప్పాడు. బురదనీళ్లు, కొట్టుకుపోతున్న అరటిచెట్లు, ఆ తర్వాత పడవ. అది వంతెన స్తంభం వైపు జారుతోంది. "అన్నయ్యా!" అని ఖాజాబీ అరిచింది.

అంతవరకూ నా వెలుగులో ఎలా కనపడాలా అని చూసిన రాజుగారు, మొదటిసారి నా వెలుగులో కనపడుతున్నదాన్ని చూశారు. ఇస్త్రీ పంచెతోనే ఛాతీ లోతు నీళ్లలోకి దిగి, పడవవాడు విసిరిన మోకు రెండోసారికి అందుకుని జీపుకు కట్టించారు. సత్తిరాజు కూడా ఫోను జేబులో పెట్టి జీపును మెల్లగా నడిపి పడవను లాగాడు. పడవ ఒడ్డెక్కేదాకా నేను ఒక్కసారీ రెప్ప వేయలేదు. తొమ్మిదిమందీ దిగారు. నాగుల్‌మీరా చెల్లెల్ని పట్టుకుని బురదలోనే కూలబడ్డాడు.

వారం తిరక్కుండా సన్మానం పెట్టారు. నన్ను "సాంకేతికంగా రూపొందించినందుకు" సత్తిరాజుకు శాలువా కప్పారు. రాజుగారు తన శాలువా కప్పించుకోకుండానే వేదిక దిగి నాగుల్‌మీరా షెడ్డుకు వచ్చారు. వాననీరు చేరిన నా మోటారు అతను విప్పుతున్నాడు. రాజుగారు వచ్చి అతని పక్కనే నిలబడ్డారు.

"ఊరికే నిలబడ్డారేటండీ? ఆ టార్చి పట్టుకోండి" అన్నాడు నాగుల్‌మీరా తల ఎత్తకుండా. "కుడికండి... కాస్త కిందికి..."

రాజుగారు కుడికి తిప్పారు. కిందికి వంచారు. ఆయన్ని ఆడించడానికి రిమోటు కూడా అక్కర్లేకపోయింది.