విడిచితిమన్న మాట

హేమంతము ప్రవేశించిన యా దినములలో తుహినకణభరితములగు జొన్నచేలు బాలభానుకిరణస్పర్శచే మౌక్తికవితానములవలె మెఱయుచుండ సముద్రమునుండి వీచు శీతలపవనము తీరగ్రామమందలి తాటాకుగుడిసెలను గలగల లాడించుచుండెను.

అందొక గుడిసెలో నివసించు నన్నెమాంబ యొకప్పుడు రత్నవర్తకుడగు వీరనశ్రేష్ఠి ధర్మపత్నియై యున్నతసౌధమున చీనాంబరములకును గంధపుమంచములకును వెండిపళ్లెరములకును స్వామినియై వెలసినది. రెండేండ్లక్రిందట పెనుగాలివానకు గ్రామజను లిండ్లు గోల్పోయి కట్టుబట్టలతో వీథిని నిలిచినప్పుడు "ఒక్క దేహమున కిన్ని వస్తువు లేల?" యని దంపతు లిరువురును దలపోసి సర్వము బంచిపెట్టి చెఱి రెండు నూలువస్త్రములతో నిచట జేరిరి. తాళపుచెవుల గుత్తి తొలగిన నడుము కొలది దినములలోనే యామెకు తేలికయై తోచెను. ప్రతిదినము నెదుట గూర్చుండి రాగిగంజిని లొట్టలు వేయుచు ద్రావి "అమృతము!" అని భర్త కొనియాడుచుండ నామె పొంగిపోవుచుండెను.

పక్షమున కొకమారు శ్రేష్ఠి పురాణశ్రవణమునకై కొండదాపుననున్న మఠమునకు బోయి మూడుదినము లుండి వచ్చుచుండెను. ఒకనాటి ప్రాతఃకాలమున నాతడు కంబళి మఱచి పోగా చలికి వడకునని దలంచి యన్నెమాంబ దానిని జంకనిడుకొని రెండుక్రోశములు నడచి మఠము జేరెను. అచటి వృద్ధయతి విస్మితుడై "అమ్మా, నీ భర్త యిచటి కెన్నడును రాలేదు. ఆ మామిడితోటలోని మేడకు బోవుచుండ మాత్రము చూచుచుందును" అనెను.

మేడతలుపు తెఱచియుండెను. దానమిచ్చితిమని తాను నమ్మిన గంధపుమంచముపై పట్టుదుప్పటి గప్పుకొని శ్రేష్ఠి వెండిపళ్లెరమున నేతిబూరెల నారగించుచుండెను. గవాక్షమునకు తెరయై వ్రేలాడుచున్నది తన పెండ్లిచీర యని యామె గుర్తించెను.

అతడు తత్తరపడి లేచి "అన్నెమాంబా, కోపింపకుము. ఎప్పుడైన నీవు విసుగుదువేమోయని నీకొఱకే కొంత దాచితిని. ఇదియు నీదియే కదా!" అనెను.

"నాకొఱకే దాచితిరేని నాకేల చెప్పరైతిరి? వస్తువులమాట యటుండనిండు. నా యెదుట గూర్చుండి గంజి నమృత మంటిరే, అదియు బొంకేనా?"

అతడు పళ్లెరమును మెల్లగా మంచముప్రక్కకు ద్రోసెను. తాను పొంగిపోయిన ప్రతిదినమును నితడు లోలోన నవ్వుకొనియెనేమో యను తలంపు శూలమై హృదయమున నాటగా నామె కంబళి నచటనే విడిచి వెనుదిరిగెను.

రెండుమాసములకు శ్రేష్ఠి మేడ నమ్మివేసి గుడిసెముంగిట నిలిచి "ఇక నిచటనే యుందును" అనెను.

"ఉండుడు. ఈ గుడిసెకు తలుపు లేదు, ఎవ్వరైన రావచ్చును. కాని నా యెదుట గూర్చుండి మాత్రము భుజింపకుడు" అని యామె పలికెను.

నాటినుండి యాతడు బయటి యరుగుపై వీథివంక మొగమై భుజించుచుండెను. వస్తువులను విడుచుట యన్నెమాంబకు కొలది దినములలోనే యలవడినది. నమ్మకమును విడుచుట మాత్రము ప్రతిదినము క్రొత్తగా నభ్యసింపవలసివచ్చెను.