చేతికివ్వని చాకు

నేను ఒక మడత చాకుని. జానెడు కూడా ఉండను. మడిస్తే చొక్కా జేబులో బీడీకట్ట పక్కన ఇమిడిపోతాను. తుని దగ్గర ఒక కమ్మరి కొలిమిలో, విరిగిన లారీ కమాను ముక్క నుంచి పుట్టాను. పిడి గేదె కొమ్ముది. అందుకే నాలో కొంత లారీ మొండితనం, కొంత గేదె నిదానం ఉన్నాయని నా అభిప్రాయం.

మొదట నన్ను కొన్నవాడు ఒక కాంట్రాక్టరు. ఏడాదిపాటు ఆయన నా చేత చేయించిన ఘనకార్యం గోళ్లలో మట్టి తీయించుకోవడం. ఒకరోజు కడియంలో ఒక నర్సరీకి పూలమొక్కలకని వచ్చి, కుండీ అంచు మీద నన్ను మరిచిపోయాడు. అక్కడ మామిడి అంట్లు కట్టే తాతారావు నన్ను చూసి, ఎవరి వస్తువో మనకెందుకని గుడ్డలో చుట్టి మూడు నెలలు దాచాడు. ఆ మనిషి తిరిగి రాలేదు. ఆ తర్వాతే తాతారావు నన్ను సానరాయి మీద పెట్టాడు. పదునంటే ఏమిటో నాకు ఆ రోజు తెలిసింది.

అంటు కట్టడం ఎప్పుడైనా చూశారా? టెంక మొక్క తల కోసి, మంచి చెట్టు కొమ్మ చివరను ఏటవాలుగా చెక్కి, రెండు గాయాలనూ ఒకదానికొకటి ఆనించి పట్టీ చుట్టాలి. కోత ఒక్క లాగుడులో పడాలి. రెండోసారి గీరితే మొక్క ఒప్పుకోదు. తాతారావు చేతిలో నేనెప్పుడూ రెండోసారి గీరలేదు.

కానీ నిజం చెప్పొద్దూ, నాకు ఇష్టమైన పని సాయంత్రం నాలుగింటికి వచ్చేది. నర్సరీ గేటు ఎదురుగా తాయారమ్మ టీ బడ్డీ ఉంది. అల్లం దంచి వేస్తే టీ ఘాటెక్కుతుందే తప్ప రుచి రాదని, పల్చగా కోసి వేయాలని తాతారావు సిద్ధాంతం. ఆవిడ మొదట నవ్వింది. ఒకసారి తాగి చూసి, రోలు మూలన పడేసింది. అప్పట్నుంచి రోజూ ఆయన వచ్చి, నన్ను వేడినీళ్లతో కడిగి బల్ల మీద పెట్టడం, ఆవిడ తీసుకోవడం. చేతికి మాత్రం ఇచ్చేవాడు కాదు. చాకు చేతికి చేతికి ఇస్తే గొడవలొస్తాయని వాళ్ల నమ్మకం. నేను అల్లం కోస్తుంటే మరిగే పాల ఆవిరి నా మీదికి వచ్చేది. ఆయన గ్లాసును రెండు చేతులా పట్టుకుని, మొదటి గుక్కకు కళ్లు మూసుకునేవాడు. మనుషులకు అంతకు మించిన సుఖం ఉందేమో, నేనైతే చూడలేదు.

ఒక ఆదివారం మొక్కలు కొనడానికి రెండు బస్సుల జనం దిగారు. హడావుడిలో తాయారమ్మ చెయ్యి చాపింది, ఆయన నన్ను ఆ చేతిలో పెట్టేశాడు. ఇద్దరికీ తెలిసొచ్చి ఒక్క క్షణం ఆగారు, మళ్లీ ఎవరి పనిలో వాళ్లు పడ్డారు. అంతమందికీ సరిపెట్టడానికి ఆవిడ పాలల్లో నీళ్లు కాస్త ఎక్కువే పోసింది. తాతారావు ఒక గుక్క తాగి అందరి ముందూ అన్నాడు:

"ఏంటి తాయారూ, పాలల్లో నీళ్లు పోశావా, నీళ్లల్లో పాలు పోశావా?"

జనం నవ్వారు. ఆవిడ నవ్వలేదు. ఆయన చేతిలోంచి గ్లాసు తీసుకుని పారబోసి, నచ్చిన చోటికి వెళ్లి తాగమంది.

చాకు చేతికిచ్చాను, అందుకే ఇలా అయిందని ఆయన ఇంట్లో భార్యతో చెప్పుకున్నాడు. వచ్చినవాళ్లతో తాయారమ్మ కూడా అదే చెప్పిందట. నీళ్లు పోసింది ఆవిడ, నోరు జారింది ఆయన, నింద నాకు!

అప్పట్నుంచి తాతారావు బస్టాండులో మిషను టీ తాగి, సగం గ్లాసు వదిలేసి వచ్చేవాడు. వచ్చాక పనిలో మనసు నిలిచేది కాదు. కోతకు రెండు లాగుళ్లు, మూడు లాగుళ్లు పడ్డాయి. నెల తిరిగేసరికి ఆయన కట్టిన అంట్లలో సగానికి పైగా ఎండిపోయాయి. యజమాని ఆ వరస ముందు నిలబడి, ఇంకో వారం చూస్తాను, కుదరకపోతే కుండీలు మోసే పనికి మారమన్నాడు. ముప్పై ఏళ్లుగా అంట్లు కట్టిన మనిషి తలొంచుకుని విన్నాడు.

మర్నాడు నాలుగింటికి వాన. బడ్డీ దగ్గర ఎవరూ లేరు. తాతారావు తడుస్తూ వెళ్లి, నన్ను కడిగి, బల్ల మీద పెట్టి, రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాడు. తాయారమ్మ నా వంక చూస్తూ ఉండిపోయింది. తీసుకోదేమోనని నాకు భయం వేసింది. పాలు పొంగి పొయ్యి మీద పడ్డాయి. అప్పుడు నన్ను తీసుకుంది.

"నీళ్లు పోసిన మాట నిజమే అన్నయ్యా," అంది అల్లం కోస్తూ.

"నలుగురిలో అనకూడదమ్మా నేను," అన్నాడాయన రోడ్డు వైపే చూస్తూ.

ఆ మర్నాటి మొదటి కోత ఒక్క లాగుడులో పడింది. ఆ వారం కట్టిన అంట్లు దాదాపు అన్నీ బతికాయి. యజమాని మళ్లీ కుండీల మాట ఎత్తలేదు.

ఆ తర్వాత చాలా ఏళ్లు గడిచాయి. తాతారావు వేళ్లు వణకడం మొదలైంది. ఎవరూ చెప్పకముందే తనే పని మానుకున్నాడు. ఆ రోజు నన్ను పట్టుకుని బడ్డీకి వస్తే, తాయారమ్మ అలవాటుగా బల్ల మీద పెట్టమంది.

"పెట్టను. చెయ్యి పట్టు. ఇకమీదట ఇది నీ దగ్గరే ఉంటుంది."

ఆవిడ కాసేపు తటపటాయించింది. చేతులు కొంగుకు తుడుచుకుని, నన్ను ఆయన చేతిలోంచి తీసుకుంది.

మర్నాడు నాలుగింటికి, అల్లం లావుగా కోశావని ఆయన, నీకు కళ్లు ఆనడం లేదని ఆవిడ, టీ చల్లారిపోయేదాకా పోట్లాడుకున్నారు. నేను పంచదార డబ్బా పక్కనే ఉన్నాను. ఈసారి మాత్రం నన్ను ఎవరూ ఏమీ అనలేదు.