హేమ చేయని ఉద్యోగం

ఒక్కరోజూ ఉద్యోగం చేయని హేమ, బెంగళూరులో ఏడాదికి ఆరు లక్షల జీతం తీసుకుంటోందని అనంతపురం ఆసుపత్రి కంప్యూటర్ చెప్పింది.

"మీ ఆరోగ్య కార్డు రద్దయింది," అంది కౌంటరులోని వనజాక్షి. "ఇంట్లో పన్ను కట్టేవాళ్లుంటే ఉచిత వైద్యం రాదు. నీ పేరే ఉండాది, సూడు."

"నేనా? ఇంజనీరింగ్ అయిపోయి రెండేండ్లు ఖాళీగా ఉండా మేడం! చదువు అప్పు కట్టలేక బ్యాంకోళ్ల ఫోనే ఎత్తడం లేదు."

"పన్ను కట్టే దొరసానికి అప్పు కట్టేకి రాదా?" అని, హేమ ముఖం చూసి తగ్గింది వనజాక్షి. "ఎవరో నీ పాన్ కార్డు వాడినారు. ఆ మనిషి పేరు రాసి పోలీసు కంప్లైంట్ తే. కార్డు తిరిగొచ్చేదానికి పైకి పంపుతా. సాయంత్రం లోపల తేవల్ల. లేకుంటే రెండు లక్షలు కట్టల్ల."

తెల్లారితే నాయన వీరప్ప గుండెకు స్టెంటు వేయాలి. అమ్ముదామంటే గొర్రెలు లేవు. మందంతా రోగమొచ్చి పోయిందని నిరుడు ఆయనే చెప్పాడు. సొంతూరు ముదిగుబ్బలో వాళ్లకు కొత్తగా అప్పు పుట్టదు.

ఎవడు వాడు? హేమ వార్డుకు వచ్చి, నాయన మంచం పక్కనే నిలబడి ఫోనులో పన్నుల సైటు తెరిచింది. తన పాన్ నంబరు కొట్టి, పాస్‌వర్డ్ మర్చిపోయానని నొక్కింది. ఖాతా తెరిచినవాడి ఫోనుకు ఓటీపీ పంపామని వచ్చింది.

వీరప్ప తలగడ కింద టింగుమంది.

హేమ చెయ్యి పెట్టి ఆయన డబ్బా ఫోను తీసింది. ఆరంకెలు. వీరప్ప గోడవైపు తిరిగాడు.

"నాయనా, నా కార్డు ఎవరికిచ్చినావు?"

ఆయన గోడకే చెప్పాడు.

"నేనే ఇచ్చినా తల్లీ. యాడికి పోయినా అనుభవం ఉండాదా అని అడుగుతాండారని నువ్వే గదా ఏడిస్తివి. ఒకాయప్ప నీకు బెంగళూరులో జీతమిస్తాండట్టు రాసి, దానికి పన్ను గూడా కట్టి, రెండేండ్ల అనుభవం కాగితం చేసిస్తానన్యాడు. ఫోను నంబరు నాదే ఇచ్చినా. గొర్రెలు రోగమొచ్చి పోలేదు, దానికే అమ్మినా. దొంగ జీతాన్ని కంపెనీలు నమ్మితే చాలనుకుంటి. సర్కారు గూడా నమ్ముతాదని నాకేం తెల్సు? ఇంగ రెండు నెలలే, కాగితం చేతికొస్తాది. ఆపరేషన్ అంతవరకు ఆపమను. నా పేరు మాత్రం రాయొద్దమ్మా. రాస్తే నీ అనుభవం పోతాది."