రంగు పట్టని ముక్క

అగ్గిపెట్టె కన్నా కాస్త చిన్నదైన మైనపు దిమ్మను నేను. నా కడుపులో గోరంత మాంసం ముక్క ఉంది. కాకినాడలో ఇరవయ్యేళ్లుగా ఆర్టీసీ కండక్టరుగా పనిచేస్తున్న హైమావతి పెద్దపేగులోది అది. ఆపరేషన్ చేసి తీసిన కేన్సర్ గడ్డలోంచి ఒక చెక్క కోసి, మందులో నానబెట్టి, కరిగిన మైనంలో ముంచి నన్ను తయారుచేశారు. ఒంటి మీద నంబరు వేశారు. మనుషులకైతే పేర్లుంటాయి కదా అని మొదట్లో చిన్నబుచ్చుకున్నాను. ఆస్పత్రిలో వాళ్లనూ మంచం నంబరుతోనే పిలుస్తారని తెలిశాక మనసు కుదుటపడింది.

నా సంగతి హైమావతి భర్తకు తప్ప వాళ్ల చుట్టాలెవరికీ తెలియదు. తనకు గర్భసంచి ఆపరేషన్ అని ఆమె అందరికీ చెప్పింది. మంచి ఎత్తే. ఆ మాట వినగానే మగవాళ్లు చూపు తిప్పుకుంటారు, రెండో ప్రశ్న అడగరు. ముఖ్యంగా తమ్ముడు సూరిబాబు అడగకూడదని ఆమె కోరిక. వాళ్ల నాన్న ఇదే జబ్బుతో నలభై నాలుగేళ్లకే పోయాడు. అప్పుడు పదిహేనేళ్లవాడైన సూరిబాబు చాలాకాలం సరిగ్గా అన్నం ముట్టలేదు. ఇప్పుడు ముప్పై ఏడు వచ్చాయి, ఉప్పాడ వైపు రొయ్యల చెరువుల్లో మోటార్లు బాగుచేస్తాడు, ఎంత బరువైనా ఒక్కడే ఎత్తుతాడు. అయినా అక్క కళ్లకు వాడింకా అన్నం మానేసిన పిల్లాడే.

ల్యాబులో నన్ను చూసుకునేది మెహరున్నీసా. నన్ను ఐసు మీద చల్లబరిచి, కత్తి ఉన్న యంత్రానికి బిగించి, ఉల్లిపొర కన్నా పలచగా కోస్తుంది. ఆ పొరను గోరువెచ్చని నీళ్ల మీద తేల్చి, ముడత పడకుండా గాజుపలక మీదికి ఎత్తుకుంటుంది. ఊపిరి బిగబట్టి చేసే పని. ఆ సమయంలో ఎవరైనా ఫ్యాను వేశారంటే ఆమె నోట మంచి మాట రాదు.

నాలో నాలుగు ప్రోటీన్ల కోసం వెతకమని డాక్టర్లు రాశారు. అవేమిటో నాకు తెలిసినంతలో చెబుతాను. పెద్దపేగు లోపలి పొర నాలుగైదు రోజులకోసారి రాలిపోయి కొత్తది పుడుతుంది. పుట్టే ప్రతి కణానికీ పాత కణంలోని జన్యువుల రాతను నకలు తీసి ఇవ్వాలి. అంత రాతలో తప్పులు పడకుండా ఎలా ఉంటాయి? ఈ ప్రోటీన్లు అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దేవాళ్ల వంటివి. తప్పు కనబడితే పట్టుకుని సరిచేయిస్తాయి. అవి పనికి రాకపోతే తప్పు మీద తప్పు పేరుకుంటుంది. ఇక పెరగొద్దని చెప్పే చోట కూడా తప్పు పడిందంటే ఆ కణం ఎవరి మాటా వినదు. గడ్డ అలా ఎదుగుతుంది.

పరీక్షలో ప్రోటీన్ ఉన్న చోట గోధుమరంగు పడుతుంది, లేని చోట నీలమే మిగులుతుంది. ఒక్కో ప్రోటీన్‌కు ఒక్కో పలక. మా ల్యాబుకు ఆ పరీక్ష కొత్త. మొదటిసారి రెండు పలకలకు రంగు చక్కగా పట్టింది, మిగతా రెండూ వెలవెలబోయాయి. మెహరున్నీసా తప్పు తనదేననుకుంది. రంగు పట్టించలేకపోయానని చెప్పుకోవడం ఆమెకు నామోషీ. ఎవరికీ చెప్పకుండా నన్ను మళ్లీ కోసింది. మళ్లీ అంతే. మందుసీసా మార్చి మూడోసారి కోసింది. ఆమె పట్టుదల మెచ్చుకోదగ్గదే కాని, అరిగిపోతున్నది నేను. అదే గడ్డతో చేసిన మిగతా దిమ్మల్లో చచ్చిన కణాలే ఎక్కువ. ఇలాగే కోస్తూ పోతే నాలో మైనం ఉంటుంది, హైమావతి ఉండదు. నాకు నిజంగానే భయం వేసింది.

నాలుగోసారి నన్ను యంత్రానికి బిగిస్తుండగా డాక్టర్ లలితాంబ వచ్చారు. రిటైరయ్యాక ఇంట్లో తోచక రోజూ ల్యాబుకు వచ్చే పెద్దావిడ.

"హైమావతి రిపోర్టు ఏదమ్మా? వారమైంది."

"రంగు పట్టట్లేదు మేడం. మందు చెడిపోయినట్టుందండి. ఇంకొక్కసారి చేసి చూపిస్తాను."

ఆవిడ ఆ వెలవెలబోయిన పలకను మైక్రోస్కోపు కింద పెట్టి చాలాసేపు చూశారు.

"గడ్డ పక్కనే మంచి పేగు కూడా కాస్త ఉంది, చూశావా? దానికి రంగు నిండుగా పట్టింది. మందు చెడిపోతే దానికెలా పట్టిందంటావు?"

మెహరున్నీసా వంగి చూసింది.

"నీ పనిలో లోపం లేదమ్మా. గడ్డలోనే ఆ ప్రోటీన్లు లేవు. లేవు అన్నదే మనం రాయాల్సిన రిపోర్టు. ఇక దాన్ని కొయ్యకు."

అలా లేకపోవడం పుట్టుకతో వచ్చిన లోపం వల్ల కావచ్చు. అదే అయితే తోడబుట్టినవాడికీ ఆ లోపం ఉండేందుకు సగానికి సగం అవకాశం ఉంది. మర్నాడు లలితాంబ ఈ మాట చెబితే హైమావతి, "మావోడికి తెలీకుండా వాడికి పరీక్ష చేయించే దారేదైనా ఉందాండి?" అని అడిగింది.

"పేగులోకి గొట్టం వేసి చూడాలమ్మా. తెలీకుండా ఎలా?" అన్నారావిడ.

లోపం పుట్టుకతో వచ్చిందో కాదో తేల్చే నెత్తురు పరీక్షకు విశాఖపట్నం వెళ్లాలి. దిమ్మను కూడా తెమ్మన్నారు. మెహరున్నీసా నన్ను దూదిలో చుట్టి, ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, ఎండ తగలనివ్వొద్దని మరీమరీ చెప్పింది. మే నెల. ఏదో పరీక్షకని చెబితే తోడుగా వచ్చిన సూరిబాబు బస్సులో కిటికీ పక్కన కూర్చుని డబ్బాను ఒళ్లో పెట్టుకున్నాడు. అన్నవరం దాటాక ఎండ తిరిగి నా మీద పడింది. హైమావతి కంగారుగా డబ్బా లాక్కుంది.

"ఏంటక్కా అందులో, అంత కంగారు పడతన్నావు?"

ఇరవయ్యేళ్లు బస్సుల్లో గొంతు చించుకున్న మనిషి పక్క సీటుకు వినబడకుండా చెప్పింది.

"నా పేగు ముక్కరా. గర్భసంచి కాదు. నాన్నకొచ్చిందే నాకూ వొచ్చింది."

సూరిబాబు ఆమె వైపు తిరిగాడు.

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు మళ్లీ అన్నం మానేస్తావని. నిన్నూ చూపించుకోమంటన్నారు."

"నాకేంటి? దుక్కలాగున్నాను."

"పోయినేడు దాకా నేనూ దుక్కలాగే ఉన్నాన్రా."

తునిలో బస్సు ఆగాక వాడు, "నొప్పెడతాదా?" అని అడిగాడు.

"మత్తిస్తారంట."

వాడు డబ్బాను మళ్లీ తన ఒళ్లోకి తీసుకుని, మెడలో తువ్వాలు తీసి దాని మీద కప్పాడు. విశాఖ దాకా దాన్ని రెండు చేతులా పట్టుకునే కూర్చున్నాడు. అంత మనిషిని చూసి నాకు జాలేసింది.

నెత్తురు పరీక్షలో ఇద్దరికీ ఒకే లోపం బయటపడింది. సూరిబాబు పేగులో చిన్న కండ పిలక ఒకటి కనబడితే గొట్టం వేసినప్పుడే కోసి తీసేశారు. అది మా ల్యాబుకే వచ్చింది. మెహరున్నీసా దాన్ని దిమ్మగా చేసి, ఒక్కసారే కోసి రంగు వేసింది. ఇందులోనూ ఆ రెండు ప్రోటీన్లు లేవు. అయితే అదింకా కేన్సర్ కాలేదని లలితాంబ రాశారు. ఇకపై ఏటేటా చూపించుకోమన్నారట. చూపించుకుంటున్నాడు.

నేనిప్పుడు విశాఖ నుంచి తిరిగొచ్చి, సగం అరిగిపోయి మా ల్యాబు ఇనప అరలో ఉన్నాను. మనుషులు ఎవరి మంచి కోరి దాస్తారో వాళ్లకే ముప్పు తెస్తారని ఇన్నాళ్లకు అర్థమైంది. లలితాంబ మా ఇద్దరినీ కలిపి రబ్బరు బ్యాండు వేయించారు. సూరిబాబు ముక్క పెసరగింజంత ఉంటుంది. నాలాగే ఎదగాల్సిందే, దానికి వ్యవధి దొరకలేదు. ఇప్పుడది వాడి కడుపులో లేదు, ఇక్కడ నా పక్కన ఉంది.