ఎనిమిదడుగుల సముద్రం

ముందు గదికీ వంటింటికీ మధ్య పాత గోడ కొట్టేసి పది రోజులైంది. కొత్త గోడ లేపాల్సిన మేస్త్రీ తాపీ కింద పెట్టి ఒకటే మాట అన్నాడు. “మధ్యలో ఎనిమిదడుగులు ఖాళీ వదలమంటారా, మొత్తం కట్టేయమంటారా? సోమవారం పొద్దున్నకల్లా తేల్చి చెప్పండి. తర్వాత అయ్యో అంటే నేనేం చెయ్యలేను.”

ఖాళీ వదలమనేది ఇంటాయన. కట్టేయమనేది ఇంటావిడ.

ఇంటాయనది గాజు పని. కిటికీలకీ షాపులకీ అద్దాలు కోసి బిగిస్తాడు. ఊళ్ళో అందరికీ అద్దాలాయనే. మూడు నెలల కిందట ఒక ఇంట్లో పగిలిన కిటికీ అద్దం మార్చడానికి వెళ్ళి, ఆ ఇంటి గోడ పొడుగునా ఉన్న సముద్రపు నీళ్ళ తొట్టి చూశాడు. అంతే, మనిషి అక్కడే ఉండిపోయాడు. ఒళ్ళు మాత్రం ఇంటికొచ్చింది. ఎవరైనా “చేపల తొట్టి” అంటే ఆయనకి ఒళ్ళు మండుతుంది. “చేపలు కాదండీ, పగడాలు! ప్రాణమున్న పగడాలు! రాళ్ళ మీద పూసినట్టుంటాయి!” ముప్పావు అంగుళం మందం అద్దం తనే తెచ్చి, తనే అతికించి, కొత్త గోడలో ఇమిడేలా కడతానని ముచ్చట. సిమెంటు బస్తా మీద, పాలపాకెట్టు మీద, ఏది దొరికితే దాని మీద ఆ తొట్టి బొమ్మే గీస్తున్నాడు.

ఇంటావిడ డయాలసిస్ వార్డులో నర్సు. పద్నాలుగేళ్ళుగా అదే వార్డు. కిడ్నీలు పాడైనవాళ్ళు వారానికి మూడుసార్లు వచ్చి, నాలుగేసి గంటలు మంచం మీద పడుకుంటారు. వాళ్ళ రక్తం గొట్టాల్లోంచి బయటికొచ్చి, మిషన్లో శుభ్రపడి మళ్ళీ ఒంట్లోకి పోతుంది. ఎనిమిది మిషన్లలో ఏది కూసిందో ఆవిడ వెనక్కి తిరగకుండా చెప్పగలదు.

“పొద్దస్తమానం మిషన్లకి కాపలా కాసి వస్తానండీ. ఇంట్లో కూడా ఇంకో మిషనా? నేనొక పూట లేకపోతే చచ్చిపోయేది ఈ ఇంట్లో ఏదీ ఉండకూడదు,” అంది.

“అయితే నేనూ పోతానా?” అంది కుర్చీలోంచి అత్తగారు.

“మీకేం అత్తయ్యా. నేను లేకపోయినా రెండు పూటలా తిని, మధ్యాహ్నం కునుకు కూడా తీస్తారు.”

చివరికి అత్తగారే తీర్పు చెప్పింది. చూడకుండా వద్దనడం, కొలవకుండా కోయడం రెండూ ఒకటేనట. ఆదివారం ముగ్గురూ కలిసి వెళ్ళి ఆ తొట్టి చూసి రావాలని రాజీ కుదిరింది.

ఆ తొట్టి ఉన్న ఇంటి పెద్దాయన ముప్పయ్యేళ్ళు ఊరి మంచినీళ్ళ ల్యాబులో పనిచేసి రిటైరయ్యాడు. ఆయన్ని అందరూ నీళ్ళాయన అంటారు. ఆ సంగతి దారిలో విన్న అత్తగారు, “బాగుంది. ఒకరు అద్దాలాయన, ఒకరు నీళ్ళాయన. ఇద్దరూ కలిస్తే ఇల్లు మునిగినట్టే,” అంది.

నీళ్ళాయన తలుపు తీసి “రండమ్మా, రండి” అంటుండగానే లోపలినుంచి సన్నని హోరు వినిపించింది. నర్సమ్మ చెవులు రిక్కించింది. ముందు గదిలోకి వెళ్ళకుండా ఆ హోరు వచ్చే వైపుకి నడిచింది. “ముందు వెనకవైపు చూపించండి,” అంది.

నీళ్ళాయన కళ్ళు పెద్దవయ్యాయి. “ఇన్నేళ్ళలో ముందు వెనకవైపు అడిగింది మీరొక్కరే!”

వెనక గదిలో నీళ్ళు వడగట్టే ఆర్వో గొట్టాలు గోడకి వరసగా ఉన్నాయి. ఉప్పు కలిపే పీపాలు రెండు, నురగతో పాటు మడ్డిని పైకి తెచ్చి పారేసే పొడుగాటి గొట్టం ఒకటి. గోడకున్న అట్ట మీద పదకొండేళ్ళ అంకెలు నిలువుగా రాసున్నాయి: వేడి, ఉప్పు, కాల్షియం. ఒక మూల అరచేతంత పంపు తిరుగుతోంది. దాంట్లో మూడు చిన్న చక్రాలు మెత్తటి గొట్టాన్ని ఒక్కొక్కటిగా నొక్కుతూ, మందునీళ్ళు చుక్కచుక్కగా తోస్తున్నాయి.

నర్సమ్మ ఆ పంపు ముందు ఆగిపోయింది. “ఇది మా పంపే! మేం రక్తం తోసేది దీంతోనే. ఇంతకంటే కాస్త పెద్దది, అంతే.”

“అవునా!” అన్నాడు నీళ్ళాయన.

“నీళ్ళల్లో క్లోరిన్ రోజూ చూస్తారా?”

“పొద్దున్న లేవగానే అదే పని.”

“మేమూ అంతే. ఒక్క రోజు తప్పితే మనుషులే పోతారు.”

వాళ్ళిద్దరూ అలా మాట్లాడుకుంటుంటే అద్దాలాయన గుమ్మంలో నిలబడి బెంగగా చూస్తున్నాడు. ఆమె వద్దనడానికి కారణాలు ఏరుకుంటోందని ఆయన భయం. నిజానికి అప్పటిదాకా ఆమె చేస్తున్నది అదే.

తర్వాత ముందు గదిలోకి వచ్చారు.

ఆ గదిలో ఆమె ఏదో అందమైన అలంకారం చూస్తాననుకుంది. చూసింది వేరు. ఎనిమిదడుగుల పొడుగున ఒక కొండచరియ నీళ్ళల్లో మునిగి ఉంది. దాని మీద ఖాళీ జాగా అన్నది లేదు. జింక కొమ్ముల్లాంటివి, మెదడు మడతల్లాంటివి, వేళ్ళ చివర్లలా ఊగేవి. ఊదా, ఆకుపచ్చ, నిప్పులాంటి నారింజ. అన్నీ ఊపిరి తీస్తున్నట్టు ఒకేసారి వంగి ఒకేసారి లేస్తున్నాయి. దగ్గరికి వెళ్ళి చూస్తే ఒక్కో కొమ్మ మీద వందల నోళ్ళు, ఒక్కో నోటి చుట్టూ ఆవగింజంత చేతులు. ఎండకు పెట్టిన పట్టుబట్టలా నీలంగా మెరుస్తూ ఒక పెద్ద ఆల్చిప్ప అడుగున నోరు తెరుచుకుని కూర్చుంది.

“ఇవన్నీ బతికున్నవేనా?” అంది అత్తగారు, గుసగుసగా. ఆవిడ గుసగుసలాడటం ఇంట్లో ఎవరూ అంతకు ముందు వినలేదు.

“అన్నీనమ్మా. ఆ రాయితో సహా. రాయి కట్టింది కూడా ఇలాంటివే.”

నర్సమ్మ అద్దానికి ఇంకా దగ్గరగా వంగింది. సరిగ్గా అప్పుడే దీపాలు ఆరిపోయాయి. హోరు ఆగిపోయింది.

ఊగుతున్నవన్నీ ఎక్కడివక్కడ నిలబడిపోయాయి. నీళ్ళాయన మొహం పాలిపోయింది. “బ్యాటరీ ఉబ్బిపోతే నిన్ననే మార్చడానికి పంపానమ్మా. కొత్తది రేపొస్తుంది.” వెంటనే ఎవరికో ఫోన్ చేశాడు. వీధి చివర కేబులు కాలిందట, రెండు మూడు గంటలైనా పడుతుందట. “అంతసేపు నీళ్ళు కదలకపోతే...” అని నీళ్ళు నమిలాడు.

“షాపులో చిన్న జనరేటరుంది, తెస్తాను,” అంటూ అద్దాలాయన పరిగెత్తాడు. షాపు ఊరి ఆ చివర. తాళంచెవి ఇంట్లో, ఈ చివర. ఆ మాట గేటు దాటాక గుర్తొచ్చి, “నా మతి మండా!” అని ఆయన అరవడం లోపలికి వినబడింది.

వార్డులో కరెంటు పోతే బ్యాటరీ ఉంటుంది. బ్యాటరీ కూడా పోతే మిషన్ పక్కన ఒక చిన్న హ్యాండిలుంటుంది, దాన్ని చేత్తో తిప్పి గొట్టాల్లో ఉన్న రక్తాన్ని మనిషిలోకి తిరిగి పంపాలి. నర్సమ్మ దాన్ని రెండుసార్లు తిప్పింది. ఇప్పుడు ఆమె చెయ్యి తనంతట తానే హ్యాండిలు కోసం వెతుక్కుంది.

“దీన్ని చేత్తో ఎలా తిప్పాలి?” అంది.

“నీళ్ళు ముంచి పైనుంచి పొయ్యాలమ్మా. గాలి కలుస్తుంది. కానీ ఎంతసేపని పోస్తాం?”

“జగ్గివ్వండి. స్టూలు కూడా.”

ఆమె స్టూలెక్కింది. ముంచి, చెయ్యెత్తి, మూరెడు ఎత్తునుంచి ధారగా పోసింది. బుడగలు తెల్లగా లోపలికి దూసుకుపోయి చెదిరాయి. మళ్ళీ ముంచింది. వందసార్లు ఆమె, వందసార్లు నీళ్ళాయన. లెక్కపెట్టే పని అత్తగారిది. “తొంభై తొమ్మిది, వంద! దిగు అమ్మాయ్. పెద్దాయనా, మీరెక్కండి. దొంగ లెక్కలు నా దగ్గర కుదరవు.”

మధ్యాహ్నపు వెలుతురు కిటికీలోంచి ఏటవాలుగా తొట్టిలోకి పడుతోంది. రంగు దీపాల కింద కనబడనివి ఇప్పుడు కనబడసాగాయి. నీడ ఉన్నచోటల్లా పగడాలు మెల్లగా చేతులు చాస్తున్నాయి. ఒకటి, పది, వెయ్యి. కొమ్మ కొమ్మంతా నూగు మొలిచినట్టైంది. నర్సమ్మ జగ్గు ముంచడానికి వంగితే ఆమె నీడ ఆల్చిప్ప మీద పడింది. అది చప్పున ముడుచుకుంది. ఆమె వెనక్కి తగ్గితే నెమ్మదిగా విచ్చుకుంది.

“అదేంటి, నన్ను చూసిందా?”

“చూసిందమ్మా. ఆ అంచు పొడుగునా చుక్కలున్నాయే, అవన్నీ కళ్ళే. వందలు.”

నర్సమ్మ జగ్గు పట్టుకుని అలాగే నిలబడింది. ఇంతసేపూ తను దాన్ని చూస్తున్నాననుకుంది. అది వందల కళ్ళతో తనని చూస్తోంది.

“ఆగిపోయావేం? అరవై మూడు!” అంది అత్తగారు.

గంట దాటింది. భుజాలు లాగేస్తున్నాయి. నర్సమ్మ దిగింది, నీళ్ళాయన ఇంకా ఎక్కలేదు. ఆ రెండు క్షణాలూ ఎవరూ నీళ్ళు పొయ్యలేదు. గదిలో చీమ చిటుక్కుమంటే వినబడేంత నిశ్శబ్దం.

పుటుక్.

ముగ్గురూ కొయ్యబారిపోయారు.

“అద్దం పగులుతోంది!” అంది అత్తగారు, రెండు కాళ్ళూ కుర్చీలోకి లాక్కుని.

పుటుక్. కాస్త ఆగి మళ్ళీ, పుటుక్.

నీళ్ళాయన మోకాళ్ళ మీద కూలబడి అద్దానికి చెవి ఆనించాడు. మెల్లగా ఆయన మొహం మారిపోయింది. “ఇది బతికే ఉందా?” అన్నాడు, తనలో తను. “నాలుగేళ్ళ కింద ఒక రాయి తెచ్చానమ్మా. దాంతో పాటు వేలెడంత రొయ్య వచ్చింది. దాని ఒక డెక్క తుపాకీ లాంటిది. ఫట్‌మని మూస్తే ఆ దెబ్బకి పక్కనున్నది సొమ్మసిల్లుతుంది. వచ్చిన రోజు చూశాను, మళ్ళీ ఎప్పుడూ కనబడలేదు. పోయిందనుకున్నాను. ఒకవేళ వినబడినా, ఆ పంపుల మోతలో పంపు చప్పుడే అనుకునుంటాను.” ఆయన కళ్ళు తడిశాయి. “రోజూ ఇక్కడే ఉన్నాను. నాకు తెలియనే లేదు.”

నర్సమ్మ అద్దం మీద అరచెయ్యి పెట్టింది. అంత మందం గాజులోంచి ఆ దెబ్బ ఆమె చేతికి తగిలింది. నాడి దొరికినట్టే ఉంది. వార్డులో ప్రతి ప్రాణానికీ ఒక చార్టుంటుంది. ఈ ప్రాణానికి చార్టు లేదు, పేరు లేదు, దాన్ని తలుచుకునే మనిషి లేడు. అయినా నాలుగేళ్ళుగా ఈ రాళ్ళ లోపల తన వేట తను వేటాడుకుంటూ బతికింది. ఇంకా ఎన్ని ఉన్నాయో! ఆమె ఒళ్ళు జలదరించింది. చిన్నప్పుడు మొదటిసారి ఆకాశం వైపు తలెత్తి, దానికి చివరంటూ లేదని ఎవరో చెప్పినప్పుడు ఇలాగే అయింది.

“పొయ్యండి, పొయ్యండి,” అంది అత్తగారు. “ఉన్నవాళ్ళని ముందు బతికించండి.”

అద్దాలాయన జనరేటరు మోసుకుని వచ్చేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. తీగలు కలిపారు. హోరు మొదలైంది. ఒకటీ అరా వంగాయి, తర్వాత కొండచరియ మొత్తం ఒక్కసారిగా ఊపిరి తీసుకుంది. ఒక్క ప్రాణం కూడా పోలేదు. నీళ్ళాయన ముగ్గురికీ మంచినీళ్ళు తేవడానికి లోపలికి వెళ్ళాడు.

తిరుగు దారిలో వ్యాను అద్దాలాయన నడుపుతున్నాడు. సగం దూరం వచ్చాక నెమ్మదిగా అన్నాడు. “వద్దులే. నువ్వన్నదే నిజం. ఇవాళ నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. కోరి తలనొప్పి తెచ్చుకోవడమే. గోడ కట్టేయమని చెబుదాం.”

నర్సమ్మ ఒళ్ళో పెట్టుకున్న చేతుల్ని చూసుకుంటోంది. ఉప్పునీళ్ళకి వేళ్ళు ముడతలు పడ్డాయి.

“మా వార్డులో నాకు మిషన్ వైపే కనబడుతుందండీ,” అంది. “నాలుగు గంటలయ్యాక వాళ్ళు లేచి, చెప్పులేసుకుని వెళ్ళిపోతారు. ఇంటికెళ్ళి పిల్లల్ని ఎత్తుకుంటారో, పోట్లాడుకుంటారో, నవ్వుతారో నేనెప్పుడూ చూడలేదు. ఇవాళ వెనక గది చూసి, ముందు గదిలోకొచ్చాను. ఆ గొట్టాలకి ఇవతల ఇంతుంటుందా అనిపించింది.” తలెత్తి, “ఖాళీ వదలమని మేస్త్రీకి నేనే చెబుతాను,” అంది.

అద్దాలాయన వ్యాను పక్కకి ఆపేశాడు.

“సంబరపడకండి, ఇంకా వినండి. మూడు టన్నుల బరువు. నేల తవ్వి కింద కాంక్రీటు వెయ్యాలి. ప్రతి పంపూ రెండేసి. బ్యాటరీలు రెండు. చార్టు మీరే రాయాలి, నేను తనిఖీ చేస్తాను. ఒక్క రోజు గడి ఖాళీగా కనబడిందో...”

“కనబడదు. ఒట్టు!”

“నన్నెవరూ అడగరేం?” అంది వెనక సీట్లోంచి అత్తగారు.

“అడుగుతున్నాం అత్తయ్యా. మీరేమంటారు?”

“నా కుర్చీ దాని ఎదురుగా వెయ్యాలి. టీవీ మీరే ఉంచుకోండి.”

పని ఏడు నెలలు పట్టింది. అద్దాలాయన తన జీవితంలో అంత జాగ్రత్తగా ఏ గాజూ కోయలేదు. నీళ్ళు నింపి, ఉప్పు కలిపి, నీళ్ళాయన తన తొట్టిలోంచి ఇచ్చిన రెండు రాళ్ళు అడుగున పెట్టారు. తర్వాత చాలా వారాలు చూడ్డానికి ఏమీ లేదు. నీళ్ళు మసకబారాయి, గాజుకి గోధుమరంగు జిగురు పట్టింది. చూడ్డానికొచ్చిన చుట్టాలు “ఇందుకా ఇంత హడావిడి?” అన్నట్టు మొహాలు చూసుకున్నారు. అద్దాలాయన డీలాపడితే నర్సమ్మే చార్టు చూపించి, “అంకెలు సర్దుకుంటున్నాయి, తొందరపడకండి,” అని ధైర్యం చెప్పేది.

ఒక పొద్దున్న ఆమె డ్యూటీకి బయల్దేరుతూ ఒక కాలికి చెప్పు వేసుకుంది. రెండోది వేసుకునేలోగా అత్తగారు పిలిచింది. గట్టిగా కాదు.

“అమ్మాయ్, ఇటు రా. మెల్లగా.”

నీళ్ళాయన ఇచ్చిన బోసి రాయి మీద, పగులు పక్కన, బియ్యపు గింజంత గొట్టం. దాని చివర తెల్లటి విసనకర్ర ఒకటి విచ్చుకుని ఉంది. కనురెప్ప వెంట్రుకల కంటే సన్నని పోగులు. నీటి కదలికకి వణుకుతున్నాయి.

“దీన్నెవరు పెట్టారే?”

“ఎవరూ పెట్టలేదు, అత్తయ్యా.”

“మరి?”

నర్సమ్మ చేతిలో రెండో చెప్పుతోనే నేల మీద మోకరిల్లింది. అద్దాలాయన పళ్ళు తోముకుంటూ వచ్చి, బ్రష్షు నోట్లో ఉండగానే ఆమె పక్కన కూర్చున్నాడు. ఆయన ఏదో అనబోతే అత్తగారు వేలు పెదవుల మీద పెట్టుకుని వారించింది.